మైసమ్మకు మొక్కిన పుంజు

హలో… ఆ, ఇనవడ్తున్నది… చేవెళ్లనేనా? నేనే మాట్లాడుతున్న. యాదయ్యను.

యాదయ్య అయ్యా… ముకుందం సావుకారి గోదాంల మూటలు మోస్త, ఆయన వాకిట్లనే గుడిసెల ఉంట. బేగంబజార్ల… ఆ, గా యాదయ్యనే. దండాలు కిషన్‌రావు సావుకారీ.

లేదు లేదు, మీ అన్నగారు మంచిగున్నరు. అంగడికి పోయిండ్రు… మీ వదినగారు సుగుణమ్మనే ఫోను కలిపిచ్చి నా చేతికిచ్చిండ్రు. ఇంట్ల అందరు మంచిగనే ఉన్నరు. ఫికర్ ఏం లేదు.

నాకే పనుండె అయ్యా. మా ఇంటామె సత్తమ్మ మీ ఊర్లనే ఉన్నది గద, వాళ్ల అన్న రాజమౌళి ఇంట్ల… ఆ, మీ నూనె మిల్లు ఎనక ఇల్లే. జర పిలిపిస్తరా. ఒక్క మాట చెప్పాలె.

…రాదంటరా.

…పుంజు సంగతని చెప్పమనుండ్రి. వస్తది.

ఆ… గదే పుంజు. మీరొచ్చి పండుకున్న నాడు తెల్లారకముందే కూసింది, మీరు లేసి చెంబు ఇసిరిండ్రు. యాదికున్నది సావుకారీ… కోమట్ల వాకిట్ల కోడేందిరా అన్నరు. మీరొక్కలేనా, వాడకట్టు వాడకట్టే వచ్చి కొట్లాడింది. సుగుణమ్మగారు సుత మొదట వద్దనే అన్నది. మా బిడ్డ మొకం చూసి ఊకున్నది… పెంచుకో గని నా వాకిట్ల కత్తి పెట్టొద్దు అన్నది. పెట్టలే.

లేదయ్యా. ఇగ మీ నిద్ర చెడగొట్టది. నిన్నటిసంది లేదు.

…ఆ. పిలిపియ్యుండ్రి. పట్టుకునే ఉంట.

…

మీ మరిదిగారు పిలువ పోయిండ్రమ్మా… లేదు, కూసోను. నిలబడ్త… మీరు లోపటికి పోయినా సరే, ఉన్నా సరే. మీకు తెల్వందేమున్నది.

…

హలో… జీ ఆపరేటర్ సాబ్. హా సాబ్, బాత్ చల్ రహీ హై… ఔర్ టైం దేనా సాబ్. జర మెహర్బానీ.

…

హలో… ఎవరు… సత్తమ్మా. నువ్వేనా.

…

పలుకాలె. తల ఊపితే నాకు కనవడది.

…

నోటికాడ పెట్టుకో. ఆ, గట్ల… ఆ. ఇనవడ్డది. ఊపిరి ఇనవడ్తున్నది.

నేనే… ఎట్లున్నవ్.

…తింటున్నవా లేదా… మీ వదిన మంచిగ చూస్తున్నదా…

సరే. సరే, చెప్త. ఎందుకు పిలిచిన అంటే… పుంజును ఇచ్చేసిన. మైసమ్మకు.

…

నిన్న. ఆయితారం.

అబద్ధమెందుకు చెప్త. మోయినాబాదుకు పోయి ఇచ్చొచ్చిన. నువ్వు మొక్కినకాడనే. మణికి జరమొచ్చి, చేవెళ్లకెల్లి పట్నం దవాఖానకు బండిల తీస్కపోతుంటే నీ ఒడిల బిడ్డ బిగుసుకపాయె గద… బండి దిగి, రోడ్డు పక్క ఆ రాయి మీద తల పెట్టి, నా బిడ్డను ఇడువు తల్లీ, కోడిపుంజును ఇస్త అన్నవ్ గద, జరం దిగింది గద… గా రాయికాడనే. ఇప్పుడు చిన్న గుడి కట్టిండ్రు. రాయి గదే.

…

ఇంకేం మిగల్లే. మొక్కు తీరింది.

ఎట్ల పోయినవంటే… నడిచిన. మోటరుకాడికి పోతే కండక్టరు కోడిని ఎక్కనియ్యలే. సంకల పెట్టుకోని బేగంబజారుకెల్లి నడిచిన… దూరమే. మాపటికి కాళ్లు వాసినయ్, గంతే… లంగర్‌హౌజ్ దాటినంక సంకలకెల్లి కూసింది. బండ్లోళ్లు ఎనకకు తిరిగి నవ్విండ్రు. ఎత్తున ఉన్నది గద, దానికి కులాసా అనిపిచ్చింది. మణి దాన్ని దొరా దొరా అని ఎందుకు పిలిచేదో నిన్న తెల్సింది నాకు. నా సంకల కూసోని రోడ్డునంత దొర లెక్కనే చూసుకుంట వచ్చింది.

…

ఏడ్వకు. ఏడిస్తే చెప్పలేను… చెప్పమంటున్నవా. అంతా చెప్పన్నా.

సరే.

గుడికాడ మస్తు మంది ఉండె. ఆషాఢం ఆఖరు ఆయితారం గద. ఆడోళ్లు బోనాలు ఎత్తుకోని నిలబడ్డరు. పూజారి ముసలాయన పుంజు నెత్తిన పసుపు పెట్టి, నీళ్లు పోసిండు. నీకు తెల్సు గద — నీళ్లు పోస్తే ఒళ్లు దులుపుకోవాలె. దులుపుకుంటేనే అమ్మ ఒప్పుకున్నట్టు.

…దులుపుకోలే.

ఊకనే నిలబడ్డది. నీళ్లు కారుతనే ఉన్నయ్, నా దిక్కు చూసుకుంట నిలబడ్డది. మల్ల పోసిండు. మల్ల గంతే. ఎనక ఒకామె, ఈళ్ల మొక్కుల ఏదో దోషమున్నదన్నది. అందరు నన్నే చూడవట్టిండ్రు.

మూడోసారి పోసిండు… లేదు. అప్పుడు సుత లేదు.

ముసలాయన చెంబు కింద పెట్టి అడిగిండు — ఎవరి మీది మొక్కు బిడ్డా అని. నా బిడ్డ మీదిది అన్న. బిడ్డ మంచిగున్నదా అన్నడు.

…

ఏం చెప్పాలె సత్తమ్మా. నువ్వైతే ఏం చెప్తువు.

…లేదు అని చెప్పిన. మాఘమాసంల పోయింది అన్న. బతికినప్పుడే ఇయ్యకపోయిన, పోయినంక తెచ్చిన అన్న. ఆయన పక్కకు జరిగి గుడి దిక్కు చూపెట్టిండు. మనసుల ఏమన్న ఉంటే అమ్మకు చెప్పుకో, నాకు చెప్పకు అన్నడు.

చెప్పుకున్న. పైకే చెప్పుకున్న, అందరు ఇన్నరు… ఏమనంటే — తల్లీ, తప్పు నాది. పోయిన యేడు బోనాలకు నీ పుంజును తెద్దామనుకున్న పొద్దు అది కనవడలే. కనవడకపోతే దేవులాడాలె. నేను సక్కగ దేవులాడలే. మోటరు పోయింది. పోతే పోయింది తియ్, వచ్చే యేడు ఇద్దాం అన్న. అన్నది నేను. నా ఇంటామె గాదు, నా బిడ్డ గాదు. ఏం జేసినా నన్ను చెయ్యి అన్న.

…గప్పుడు దులుపుకున్నది.

ఆ. రెక్కలన్ని ఇప్పి దులుపుకున్నది. నీళ్లు నా మొకం మీద పడ్డయ్.

…

నేను పట్టుకున్న. ఆయన కోసిండు. ఎక్కువసేపేం గాలే.

…

హలో. సత్తమ్మా. ఉన్నవా…

ఉన్నవా లేవా చెప్పు, ఈ ఫోను మధ్యల కోసేస్తరు.

…ఆ.

తినలే. ఎట్ల తింట. ఆడున్నోళ్లకే ఇచ్చేసిన. ఎవలో పెద్ద సంసారం, బోనం తెచ్చిండ్రు. పిల్లలున్నరు. తీస్కోండ్రి అన్న.

…ఏందీ.

మోయినాబాదుదాంక వచ్చినోనివి చేవెళ్లకు రాకపోతివి అంటున్నవా.

…వద్దామనే ఉండె. చేవెళ్ల మోటరు వచ్చి నా ముంగటనే ఆగింది. ఎక్కుతవా అన్నడు. చేతులు చూసుకున్న. బోరింగుకాడ రెండుసార్లు కడుక్కున్న. మంచిగనే ఉన్నయ్. అయినా ఎక్కబుద్ధి గాలే… ఏ మొకంతోని రావాలె. ఆరు నెల్లాయె నువ్వు పోయి. ఒకసారి వస్తే తలుపేసుకున్నవ్. మీ అన్నతోని చెప్పిపిచ్చినవ్ — ఆ ఇంట్ల పుంజన్న ఉండాలె, నేనన్న ఉండాలె అని. అది కూసినప్పుడల్ల, దాని గొంతు ఉన్నది నా బిడ్డ గొంతు లేదు అని నువ్వు చెవులు మూసుకునేదానివి. నేను చూడలేదా.

తిడ్తలే. నిన్ను తిడ్తలేను సత్తమ్మా. చెప్తున్న.

…మరి ఇన్నొద్దులు ఎందుకుంచుకున్నవంటే —

ఎందుకంటే నాకు ఇంకో తీరుగుండె. పొద్దుగాల అది కూస్తుంటే, ఇగ మణి లేస్తది, కండ్లు నలుసుకుంట వాకిట్లకు వస్తది అన్నట్టుండె. లేవదని ఎర్కే. అయినా అది కూసినంక కొద్దిసేపు… గంతే. కొద్దిసేపే. నువ్వు చెవులు మూసుకుంటివి, నేను దానికోసమే చెవి పెట్టుకోని పండుకుంటి. గిది నీకెట్ల చెప్పాలె. చెప్పలే.

…

ఇయ్యాల పొద్దుగాలనా. ఇయ్యాల కూయలే గద. వాకిట్ల ఎవలు లేవలే. ఎండొచ్చినంక సుగుణమ్మగారు దోసిట్ల నూకలు పట్టుకోని మన గుడిసెకాడికొచ్చింది… ఆ, రోజు వస్తది. నువ్వు పోయినకాడికెల్లి ఆమెనే ఏస్తున్నది. లడాయి ఒడిసినా గింజల మీద కంట్రోలు ఒడవలే, నూకలు సుత దొరుకుతలెవ్వు, అయినా ఏస్తది. యాదయ్యా, కూయలేదేంది, జబ్బు చేసిందా అన్నది. చెప్పిన. నా వాకిట్ల కొయ్యలే గద అని అడుగలే. చేతిల నూకలు ఏం చెయ్యాల్నో తెల్వలే ఆమెకు. గడపకాడ పోసి పోయింది. మల్ల వచ్చి, సత్తమ్మకు చెప్పినవా అన్నది. లేదంటే, రా, ఫోను కలుపుత అన్నది. గట్ల చేసిన. లేకపోతే నాకెక్కడి ఫోను.

…

ఏందే. ఏమన్నవ్.

ఏడ్వకుంట చెప్పు, ఏమర్థమైతలేదు… ఊపిరి తీస్కో… ఆ. చెప్పు.

…బోనాల పొద్దు… పోయిన యేడు… ఆ…

…

నువ్వు దాసినవ్.

…

ఊ. ఇంటున్న.

…కట్టెల కొట్టంల.

…ఊ.

సావుకారి ఎదురుంగనే చెప్తున్నవా… బయటికి పోయిండా. సరే.

…సత్తమ్మా. ఒక్క మాట ఇను. నేను చెప్పేదాంక ఏడ్వకు. నాకు ఎర్కే.

ఆ. ఎర్కే. గా పొద్దే ఎర్కైంది.

ఎట్లంటే… మణినే దాసిందని అందరనుకున్నరు. నువ్వు సుత దాన్నే బెదిరిచ్చినవ్, ఏడ పెట్టినవే అని. అది పాపం నోరు తెరుసుకోని చూస్తుండె. గోదాం, బాయికాడ, చూరు కింద అంత చూసుకుంట కట్టెల కొట్టంకాడికి పోయిన. గొళ్లెం పెట్టి ఉండె. ఆ గొళ్లెం పైనుంటది, మణికి పీటేసుకున్నా అందదు. తీసి చూసిన. కట్టెల మీద దొర లెక్క కూసోని ఉన్నది. కింద నూకలు చల్లి ఉన్నయ్. నీ ఇత్తడి గిన్నెల నీళ్లున్నయ్.

…

నువ్వు గాక ఎవలు.

ఇప్పుడు నేను చేసింది ఇను. తలుపు మల్ల దగ్గరికేసి గొళ్లెం పెట్టిన. వాకిట్లకొచ్చి, యాడ లేదు, దొరుకలే అని చెప్పిన.

…ఆ. చూసి సుత చెప్పలే. మోటరు పోయేదాంక గోదాంల మూటలు సర్దుకుంట కూసున్న. ముందటి రాత్రంత మణి, దొరను కొయ్యొద్దు బాపూ అని నా మెడ పట్టుకోని ఏడ్చింది. నీ దగ్గర సుత ఏడ్చిందని నాకేం తెల్సు. నువ్వొక దిక్కు దాసినవ్, నేనొక దిక్కు గొళ్లెం పెట్టిన. ఇద్దరం బిడ్డ కోసమే చేసినం. ఒకలకొకలం చెప్పుకోలే. గంతే తేడా.

అందుకే అమ్మకు అబద్ధమేం చెప్పలే నేను. సక్కగ దేవులాడలేదన్న. నిజమే గద.

…

ఎందుకు చెప్పలేదంటే…

మణి పోయిన పదకొండో నాడు నువ్వు నా అంగి పట్టుకోని, నీవల్లనే, నువ్వు ఇయ్యకపోతివి, మైసమ్మ నా బిడ్డను తీస్కపాయె అన్నవ్. గప్పుడు నోటిదాంక వచ్చింది. గొళ్లెం సంగతి నోటిదాంక వచ్చింది సత్తమ్మా. నీ మొకం చూసి మింగిన. నన్ను తిట్టుకుంటే నిన్ను నువ్వు తిట్టుకోవు అనుకున్న. తిట్టనీ, నాకేమైతది, మూటలు మోసేటోన్ని, గిది సుత మోస్త అనుకున్న.

…నువ్వు తిట్టుకుంటనే ఉన్నవా. ఇన్ని దినాలు.

…

నాకు తెల్వకపాయె. ఈ ముచ్చట నాకు తెల్వకపాయెనే.

…

జీ సాబ్… హా సాబ్, హా… ఔర్ ఏక్ బార్ సాబ్. బస్ ఏక్ బార్. ఘర్ మే… ఘర్ మే మౌత్ హుయీ సాబ్… షుక్రియా.

ఇంట్ల సావైందంటే ఇంకో మూడు నిమిషాలు ఇచ్చిండు. చెప్పు.

…మైసమ్మనే తీస్కపోయిందా అంటే నేనేం చెప్పాలె. దవాఖాన్ల డాక్టరు టైఫాయిడు అన్నడు, మోతీజరం. మన వాడకట్టుల ఆ నెలల ఎనిమిది మంది పిల్లలు పోయిండ్రు. గాడిదులోళ్ల పిల్లగాడు పోయిండు, దర్జీ సాబు ఇద్దరు బిడ్డలు పోయిండ్రు. వాళ్లంత పుంజులు దాసిండ్రా సత్తమ్మా… నిన్న పుంజు దులుపుకున్నప్పుడు నాకేమో, అమ్మ కోపం లేదనిపిచ్చింది. నా అనిపిచ్చుడే. నీకు చెప్తున్న.

లేదు. రమ్మని అడుగుతలే. రమ్మని పిలిపిచ్చుకోలే నిన్ను. వస్తే వస్తవ్, రాకపోతే —

…ఆ. ఆ గుడిసెల ఎట్లుండాలె అంటే… నాకు సుత తెల్వదు. ఉంటున్న.

…పుంజు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే అంటున్నవా. మరి ఎందుకు చెప్పిపిచ్చినవ్…

…ఊ. కోపానికి ఒకటి కావాలె. నిజమే. దాని మీద పడ్డది.

…

ఏం అడుగుతున్నవ్. మల్ల చెప్పు… ఏడ పెట్టినమా. పుంజునా —

…మణినా.

…

ఇన్ని దినాలకు అడిగినవ్.

చెప్తలేనని గాదు. ఆడోళ్లను రానియ్యరు గద, నువ్వు గడపకాడనే పడిపోయినవ్. తెల్లారి చెప్దామంటే నువ్వు నా దిక్కు చూడకపోతివి… నేను, నాతోని మూటలు మోసే సాముయేలు, ఇద్దరమే పోయినం. సాముయేలే తవ్విండు. నన్ను తవ్వనియ్యలే. బిడ్డను పట్టుకోని కూసో అన్నడు. కూసున్న.

మూసీ ఒడ్డుకు. పాత వంతెన దాటినంక ఎడమ దిక్కు దిగాలె. తుమ్మచెట్లు ఉంటయ్ మూడు. నడిమి చెట్టు కింద. గుర్తుకు నాపరాయి పెట్టిన, షాబాదు బండ ముక్క… లేదు, కుక్కలు గిక్కలు రావు. లోతే తీసినం. ముండ్లకంప సుత ఏసినం మీద.

…ఎర్ర లంగనే. నువ్వు తొడిగిందే. మార్చలే.

పోత. ఆయితారం ఆయితారం పోయి కొద్దిసేపు కూసోని వస్త. నిన్న పోలే… నిన్నొక్కటే పోలే.

…చూపెడతనా అంటే… వస్తవా.

…

వస్తవా సత్తమ్మా.

…ఆ, చూపెడత. ఎందుకు చూపెట్ట. ఆయితారం… వచ్చే ఆయితారం పొద్దటి మోటరుకు. నేను మోటరు అడ్డకాడ నిలబడ్త. ఇంటికి రాకు. ఇంటికి రమ్మంటలే. ఆడికెల్లి ఆడికే పోదాం. చూసినంక నీ ఇష్టం. మల్ల మాపటి మోటరుకు ఎక్కియ్యమంటే ఎక్కిస్త.

…మీ అన్న వద్దంటే నేను చెప్త… చెప్పవలసింది లేదా. సరే.

ఏం తేకు. నువ్వు వస్తే సాలు… గాజులా. తే. మణివే గద, తే.

…ఆ, సాబ్, ఏక్ మినట్, ఏక్ మినట్ —

సత్తమ్మా, కోసేస్తున్నరు. ఇంకేమన్న అడుగుతవా.

…ఏందీ… గట్టిగ అను.

…ఆడ గడ్డి మొలిచిందా అనా.

మొలిచింది. వానలు పడ్డయ్ గద. మోకాలుదాంక మొలిచింది… ఆ. పచ్చగనే ఉన్నది.

హలో.

సత్తమ్మా…

…

కోసేసిండ్రమ్మా. ఇగో, పెట్టేస్తున్న.